1677: పారిస్‌లో ఇద్దరు ఫేద్రలు, లండన్‌లో ఇద్దరు క్లియోపాత్రలు

పాతపుస్తకం:

నమస్కారం. నెలకో ఏడాది పట్టుకుని చదువుదాం అనుకున్నాం కదా, ఈసారి నా వంతు. నేను 1677 పెడుతున్నాను.

యూరప్ నాటకం గురించి కాస్త తెలిసినవాళ్ళకి ఇది ఫ్రెంచి నాటకకర్త రసీన్ 'ఫేద్ర' వచ్చిన ఏడాది. నిజమే, కానీ నన్ను పట్టుకున్నది ఇంకో సంగతి. జనవరి 1న పారిస్‌లో ఒతెల్ ద బూర్గోన్ రంగస్థలం మీద రసీన్ నాటకం మొదటిసారి ఆడారు. రెండు రోజులు తిరక్కుండానే, జనవరి 3న, సీన్ నదికి అవతలి ఒడ్డున గెనెగో థియేటర్‌లో ప్రదోన్ అనే ఇంకో రచయిత ఫేద్ర మొదలైంది. అదే కథ, అవే ముఖ్య పాత్రలు, దాదాపు అదే పేరు. రసీన్ నాటకానికి కూడా అప్పట్లో పేరు 'ఫేద్ర, హిప్పోలిట్' అనే ఉండేది. ఒట్టి 'ఫేద్ర' అయింది 1687 ముద్రణలో.

లండన్‌కి వెళ్దాం. ఫిబ్రవరిలో డార్సెట్ గార్డెన్ థియేటర్‌లో సెడ్లీ రాసిన 'ఆంటొనీ అండ్ క్లియోపాత్ర' ఆడింది. డిసెంబరులో డ్రూరీ లేన్‌లో డ్రైడెన్ 'ఆల్ ఫర్ లవ్' వచ్చింది. అదీ ఆంటొనీ, క్లియోపాత్రల కథే. మధ్యలో మార్చి నెలలో ఆఫ్రా బేన్ 'ది రోవర్' వచ్చింది. దాని మూలం కిల్లిగ్రూ ఎప్పుడో రాసి పెట్టుకున్న నాటకం.

అంటే ఆ ఏడాది పేరున్న నాటకాల్లో కొత్త కథ దాదాపు లేదు. దీన్ని చాలామంది ఆ కాలపు లోపంగా చెబుతారు. నాకు అలా అనిపించదు. కథ అందరికీ ముందే తెలుసు కాబట్టి, రచయిత ఎక్కడ ధైర్యం చేశాడో, ఎక్కడ తప్పుకున్నాడో తేటతెల్లంగా కనిపిస్తుంది. 1677ని అలా చదవాలని నా ఉద్దేశం.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏథెన్స్ రాజు థీసియస్. అతని భార్య ఫేద్ర. అమెజాన్ రాణి వల్ల అతనికి పుట్టిన కొడుకు హిప్పోలిట్. ఫేద్ర సవతి కొడుకు మీద మనసు పడుతుంది. రాజు చనిపోయాడన్న కబురు వచ్చాక హిప్పోలిట్ దగ్గర బయటపడుతుంది. తీరా రాజు బతికే తిరిగొస్తాడు. దాది ఎనోన్ నింద హిప్పోలిట్ మీదికి తోస్తుంది. తండ్రి శపిస్తాడు, కొడుకు ఛిద్రమై చనిపోతాడు. ఫేద్ర విషం తీసుకుంటుంది.

ఇక మీరు చెప్పండి.

గోదావరి_గట్టు:

పాతపుస్తకం గారూ, ఈ కథ చదువుతుంటే రాజమండ్రి వాడిని, నాకు సారంగధరుడు గుర్తు రాకుండా ఎలా ఉంటాడు! రాజరాజనరేంద్రుడు, చిన్న భార్య చిత్రాంగి, పావురం వెతుక్కుంటూ ఆమె మేడకి వెళ్ళిన సారంగధరుడు, ఆమె కోరిక, ఇతని తిరస్కారం, నింద, కాళ్ళు చేతులు నరికించడం. మన దగ్గర గౌరన నుంచి చేమకూర వెంకటకవి దాకా ఎంతమంది రాశారో. చేమకూర వాడు రసీన్ శతాబ్దం వాడే, తంజావూరు రఘునాథ నాయకుడి కొలువు కవి. ఆ తరవాత ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు 'విషాద సారంగధర' రాసి తెలుగు నాటకానికి విషాదాంతం తెచ్చిపెట్టారు.

నేను అడగాలనుకున్నది ఇది. మన కథలో బాగా నలిగిన ఒక రూపంలో, చిత్రాంగిని మొదట సారంగధరుడికే ఇవ్వాలనుకుంటారు. పటం చూసి ఆమె అతన్నే వరిస్తుంది. తీరా పెళ్ళి తండ్రితో జరుగుతుంది. దాంతో ఆమె మీద మనకి కొంచెం జాలి పుడుతుంది, పాపం బరువు కొంచెం తగ్గుతుంది. ఫ్రెంచి వాళ్ళ దగ్గర అలాంటి సర్దుబాటు ఏమైనా ఉందా?

పాతపుస్తకం:

ఉందండీ, సరిగ్గా ప్రదోన్ చేసింది అదే! అతని ఫేద్రకి థీసియస్‌తో ఇంకా పెళ్ళి కాలేదు, నిశ్చయం మాత్రమే అయింది. కాబట్టి హిప్పోలిట్ ఆమెకి సవతి కొడుకు కాడు. అమ్మాయికి ఒకరితో మాట ఇచ్చారు, మనసు ఇంకొకరి మీద ఉంది, అంతే. రాజాస్థానంలో ఎవరికీ ఇబ్బంది లేకుండా చూడదగ్గ ప్రేమకథ అయిపోయింది.

రసీన్ అలా తగ్గించలేదు. ఆమె భార్యే, అతను కొడుకే. దాదిని పెట్టి నింద మాట ఆమె నోట రాకుండా చేశాడు, ఆ సంగతి ముందుమాటలో తనే చెప్పుకున్నాడు. ఫేద్ర పూర్తిగా దోషీ కాదు, పూర్తిగా నిర్దోషీ కాదు అన్నది కూడా ఆ ముందుమాటలోని మాటే. కానీ పాపాన్ని మాత్రం పాపంగానే ఉంచాడు. అందుకే మొదటి అంకం నుంచి ఆమె తనని తాను అసహ్యించుకుంటూ ఉంటుంది. ఆ అసహ్యమే ఆ నాటకానికి ప్రాణం. ప్రదోన్ ఫేద్రకి ఆ అవసరమే లేదు.

తెరముందు:

నేను నాటకాలు ఆడేదాన్ని, చదువుకున్న పండితురాలిని కాదు. ఆడేవాళ్ళ వైపు నుంచి చెబుతాను.

మొదటి అంకం మూడో దృశ్యం ఒక్కటి చూడండి. ఫేద్ర రావడమే కాళ్ళు తేలిపోతూ వస్తుంది. తిండీ నిద్రా లేక రోజులైంది. వెలుతురు చూడాలని తనే బయటికి తీసుకురమ్మంది, తీరా వస్తే ఆ వెలుతురు కళ్ళు భరించలేకపోతున్నాయి. సూర్యుడు ఆమెకి తాత. అంటే బయటికి వస్తే పెద్దాయన చూస్తున్నట్టే. ఒంటి మీద నగలు, ముసుగులు బరువు అంటుంది, జుట్టు ఇలా ముడి వేసిందెవరు అని విసుక్కుంటుంది. కూర్చుంటుంది. రసీన్ రంగసూచనలు రాయడం బాగా తక్కువ. ఇక్కడ మాత్రం 'కూర్చుంటుంది' అని రాశాడు. విషాద నాటకంలో రాణి నిలబడలేక కూర్చోవడం అప్పటి ప్రేక్షకులకి ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

తరవాత దాది ఆమె నోటి నుంచి మాట లాగడం. నువ్వు ఇలా చచ్చిపోతే నీ పిల్లలు ఆ పరాయి ఆడదాని కొడుకు కింద పడి ఉంటారు అంటుంది, మాటల మధ్యలో హిప్పోలిట్ పేరు ఎత్తుతుంది. ఆ పేరు వినగానే ఫేద్ర 'అయ్యో దేవుడా' అంటుంది. దాది దాన్ని కోపం అనుకుని సంతోషిస్తుంది! కాసేపటికి అసలు సంగతి బయటపడే చోట కూడా ఆ పేరు ఫేద్ర పలకదు. అమెజాన్ కొడుకు, నేనే ఇన్నాళ్ళు బాధపెట్టిన ఆ రాకుమారుడు, అని ఊరుకుంటుంది. హిప్పోలిటా, అని దాది అరుస్తుంది. ఆ పేరు అన్నది నువ్వే, అంటుంది ఫేద్ర.

ఈ ఏర్పాటు ఇదే కథ రాసిన పాత గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ నుంచి వచ్చిందే. కానీ రసీన్ దాన్ని పన్నెండేసి అక్షరాల పాదాల్లో, ప్రాస తప్పకుండా, ఒక పాదాన్ని ఇద్దరి మధ్య విరిచి రాశాడు. ఆ విరుపు దగ్గర నటి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా పాదమే చెబుతుంది. ఆ పాత్ర మొదట వేసింది షాంమెలే. రసీనే ఆమెకి ఒక్కొక్క పాదం ఎలా పలకాలో నేర్పాడని అతని కొడుకు లూయీ రసీన్ రాశాడు. నమ్మబుద్ధవుతుంది.

నల్లకుంట_శ్రీను:

అందరూ రసీన్ ధైర్యం, ప్రదోన్ పిరికితనం అంటున్నారు. నేను కొంచెం అడ్డు చెబుతాను.

గెలుపోటములు నాటకంలో తేలాయా, బాక్సుల్లో తేలాయా? బూయోన్ డచెస్, ఆమె తమ్ముడు... కాదు అన్న, నెవేర్ డ్యూక్, వాళ్ళ చుట్టూ ఒక గుంపు, అందరూ రసీన్ అంటే పడనివాళ్ళు. డచెస్ గారు రెండు థియేటర్లలోనూ మొదటి ఆరు ప్రదర్శనల బాక్సులు కొనేసి, ప్రదోన్ దగ్గర మనుషుల్ని నింపి, రసీన్ దగ్గర ఖాళీగా వదిలేసిందని, దానికి 15,000 లీవ్రలు ఖర్చుపెట్టిందని పాతకాలం నుంచి చెప్పుకునే కథ ఒకటి ఉంది. అదంతా అక్షరాలా నిజమని ఇప్పటి పండితులు ఒప్పుకోరు. ఐనా ముఠా ఉందన్నది, పోటీ నాటకం కావాలని రాయించారన్నది మాత్రం అందరూ చెప్పే మాటే. మొదట్లో ప్రదోన్ నాటకానికి మంచి జనమే వచ్చారు కూడా.

ఆపైన పద్యాల యుద్ధం. ఫేద్ర బంగారు కుర్చీలో వణుకుతూ పాలిపోయి కూర్చుని ఎవరికీ అర్థం కాని పద్యాలు చెబుతోందని నెవేర్ వర్గం ఒక సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) వదిలింది. అవే ప్రాసలతో ఇంకో సానెట్ తిరిగి వచ్చింది, అందులో నెవేర్‌నీ అతని చెల్లెల్నీ, ఆమే ఓర్టాన్స్ మాంచీనీ, నానా మాటలూ అన్నారు. అది రసీన్‌దీ, అతని స్నేహితుడు, కవి అయిన బ్వాలోదీ పనే అని నెవేర్ వాళ్ళని కర్రలతో కొట్టిస్తానన్నాడు. చివరికి కోందే రాకుమారుడి కుటుంబం వాళ్ళకి అండగా నిలబడాల్సి వచ్చింది. ఇంత పెద్దమనుషుల అండ ఉన్నవాడు గెలిచాడు. ఇందులో సాహిత్యం ఎంత?

పాతపుస్తకం:

శ్రీను గారూ, మొదటి నెలల వసూళ్ళ వరకు మీ మాట ఒప్పుకుంటాను. ఆ తరవాతి సంగతి చూడండి. 1680లో రాజాజ్ఞతో పారిస్ నాటక సమాజాలు రెండూ కలిసిపోయాయి, ఈనాటి కొమెదీ ఫ్రాన్సేజ్ అలా పుట్టింది. కలిసిన సమాజం 1680 ఆగస్టు 25న తెర తీసి ఆడిన మొదటి నాటకం ఏదో తెలుసా? రసీన్ ఫేద్ర. ప్రదోన్‌ని ఆడిన గెనెగో నటులు అందులో సగం మంది. వాళ్ళే తమ పాత నాటకాన్ని పక్కన పెట్టేశారు. షాంమెలే అప్పటికే ఏడాది ముందు వీళ్ళ సమాజంలోకి వచ్చేసింది, పాత్ర కూడా ఆమెతో పాటు వచ్చింది.

అది ఏ డ్యూక్ చెబితే జరిగింది కాదండీ. నటులకి ఏ పాత్రలో పస ఉందో నాలుగు రాత్రులు ఆడితే తెలిసిపోతుంది. ప్రదోన్ తన ఫేద్ర పాత్ర వేయడానికి పేరున్న నటీమణులు వెనక్కి తగ్గారని అప్పుడే వాపోయాడు.

తెరముందు:

+1. దీనికి తోడు నాలుగో అంకం చూడండి. రాజుకి నిజం చెప్పేసి హిప్పోలిట్‌ని కాపాడదామనే ఫేద్ర వస్తుంది. ఆ మాట నోటి చివర ఉంది. ఈలోపు రాజు యథాలాపంగా, వాడు రాకుమారి అరిసీని ప్రేమిస్తున్నానంటున్నాడు అంటాడు. అంతే, ఫేద్ర ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ అతను ఆడవాళ్ళంటేనే పడనివాడనుకుంది, తనొక్కదాన్నే కాదన్నాడని ఇప్పుడు తెలిసింది. ఒక్క క్షణం ఈర్ష్య, ఒక ప్రాణం పోయింది. ఆ క్షణం వేసేటప్పుడు నటికి ఒక్క మాట కూడా అదనంగా అక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. అరిసీ పాత్రని రసీన్ ఈ కథలోకి తెచ్చింది ఇందుకే అని నా నమ్మకం. యూరిపిడీస్ దగ్గర ఆమె లేదు.

లలిత_లీడ్స్:

పారిస్‌లోనే తిరుగుతున్నారు, లండన్ వైపు రండి మరి.

నాకు ఈ ఏడాదిలో అందరికంటే ఇష్టమైనది ఆఫ్రా బేన్. 'ది రోవర్' 1677 మార్చి 24న డ్యూక్స్ కంపెనీ వాళ్ళు ఆడారు. నాటకానికి ముందు చెప్పే పద్యంలో (ప్రోలాగ్) రచయితని 'అతను' అనే ప్రస్తావించారు, మొదట అచ్చయిన ప్రతుల మీద పేరు లేదు. తరవాతి ప్రతుల్లో పేరు వచ్చింది. పేరు లేకుండా రావడానికి కారణం వెతకక్కర్లేదు: నాటకం రాసి బతికే ఆడది అంటే అప్పటి లండన్‌లో నోటికొచ్చినట్టు మాట్లాడేవాళ్ళు.

ఈమె 1666లో రాజుగారి తరఫున ఆంట్వెర్ప్ వెళ్ళి గూఢచారి పని చేసింది. డబ్బు పంపలేదు, అప్పుల్లో కూరుకుపోయింది. తరవాత నాటకాలు రాయడం మొదలుపెట్టింది. లండన్‌లో రచయితకి దక్కేది ఎక్కువగా మూడో రోజు ప్రదర్శన లాభం. మూడో రోజు దాకా నాటకం నిలబడకపోతే చేతికి ఏమీ రాదు. ఆ టెన్షన్‌తో రాసిన నాటకం ఇది అని గుర్తుంచుకుని చదవండి.

కథ నేపుల్స్‌లో, కార్నివాల్ రోజుల్లో. దేశం వదిలి తిరుగుతున్న ఇంగ్లిష్ రాజభక్తులు, వాళ్ళలో విల్‌మోర్ అనే తిరుగుబోతు. కాన్వెంటుకి పంపేయబోతున్న హెలెనా, ఆ లోపు లోకం చూడాలని ముసుగు వేసుకుని వీధిలోకి వస్తుంది. హెలెనా పాత్ర ఎలిజబెత్ బారీ వేసింది, ఆమె పేరు పెరగడం అక్కడి నుంచే. ఇంకొకామె ఆంజెలికా బియాంకా. పేరుమోసిన వేశ్య, ఇంటి ముందు తన చిత్రపటం వేలాడదీసి నెలకి వెయ్యి క్రౌన్లు అని ధర ప్రకటిస్తుంది. విల్‌మోర్ దగ్గర చిల్లిగవ్వ లేదు. వచ్చి ఆమెనే తిడతాడు, ప్రేమని అమ్ముకుంటావా అని. ఆమె ఎదురు అడుగుతుంది: మీ మగవాళ్ళు పెళ్ళి చేసుకునేటప్పుడు అమ్మాయి గుణం అడుగుతారా, కట్నం ఎంత అని అడుగుతారా? దానికి వాడి దగ్గర జవాబు లేదు. ఐనా ఆమె వాడికే మనసిచ్చి మోసపోతుంది. చివరి అంకంలో పిస్తోలు పట్టుకుని వాడి గుండెకి గురిపెడుతుంది.

నాటకం వెనక చేర్చిన మాటలో బేన్, ఇది కిల్లిగ్రూ 'తొమాసో'నే తిరగరాసిందని జనం అంటున్నారు, నేను దొంగిలించింది ఆంజెలికా చిత్రపటం ఒక్కటే అంటుంది. నిజానికి తీసుకున్నది అంతకంటే చాలా ఎక్కువ. కానీ కిల్లిగ్రూది రెండు భాగాల భారీ నాటకం, చదవడానికే ఓపిక కావాలి. దానికి వేగం తెచ్చింది, ఆడవాళ్ళకి మాట ఇచ్చింది ఈమె.

ఒక్కటి మాత్రం దాచను. హెలెనా అక్క ఫ్లోరిండా మీద పదే పదే దాడి జరిగే దృశ్యాలు, ముఖ్యంగా ఆ ఇంగ్లిష్ వాళ్ళలో ఒకడైన బ్లంట్ ఆమెని బంధించే చోటు, నవ్వుకోమని రాసినట్టే ఉంటాయి. నేను నవ్వలేను. ఈనాటి దర్శకులు అక్కడ నవ్వు తీసేసి భయం ఉంచుతారు. అది సరైన పని.

నల్లకుంట_శ్రీను:

లలిత గారూ, బాగా చెప్పారు. మరి బేన్ తీసుకుంటే తిరగరాయడం, ప్రదోన్ తీసుకుంటే పోటీకి దిగడం ఎలా అయింది? ఇద్దరూ ఒకరి సరుకు మీద పని చేసినవాళ్ళే కదా.

లలిత_లీడ్స్:

తేడా ఉందండీ. బేన్ పాత నాటకంలో లేనిదాన్ని పైకి తెచ్చింది. ఆంజెలికా బాధ కిల్లిగ్రూకి అక్కర్లేదు, బేన్‌కి కావాలి. ప్రదోన్ కథలో ఉన్నదాన్ని తీసేశాడు. నాకు ఆ లెక్కే ముఖ్యం.

ఎం.ఏ_విద్యార్థి:

అందరికీ నమస్తే. నాకు సిలబస్‌లో 'ఆల్ ఫర్ లవ్' ఉంది. షేక్‌స్పియర్ దాన్ని పాడుచేశాడని క్లాసులో అంటుంటారు, అంటే డ్రైడెన్ షేక్‌స్పియర్‌ని పాడుచేశాడని. సెడ్లీ గురించి ఎవరూ చెప్పరు. ఇద్దరిలో ఎవరిది మెరుగు?

పాతపుస్తకం:

తమ్ముడూ, సెడ్లీది ప్రాస కట్టిన ద్విపాదుల్లో ఉంది. పదేళ్ళ పైగా లండన్‌లో వీరగాథా నాటకాలన్నీ అలాగే రాశారు, అందులో మొనగాడు డ్రైడెనే. ఆయనే 'ఔరంగ్‌జేబ్' నాటకం ప్రోలాగ్‌లో, ఇంతకాలం ప్రేమించిన ప్రాస మీద ఇప్పుడు విసుగొచ్చింది అన్నాడు. అది 1675. రెండేళ్ళకి 'ఆల్ ఫర్ లవ్' ప్రాస లేకుండా రాశాడు. దివ్యుడైన షేక్‌స్పియర్ శైలిని అనుకరిస్తున్నానని ముందుమాటలో చెప్పి మరీ రాశాడు. నలభైకి పైగా దృశ్యాలతో రోమ్‌కీ ఈజిప్టుకీ మధ్య పరుగులు తీసిన కథని అలెగ్జాండ్రియాలో చివరి రోజుకి కుదించాడు.

దాన్ని షేక్‌స్పియర్ పక్కన పెట్టి కొలవడం డ్రైడెన్‌కి అన్యాయం. మొదటి అంకంలో ఆంటొనీ, వెంటీడియస్‌ల దృశ్యం చదువు. ఓడిపోయి నేల మీద పడి ఉన్న సేనాని, అతన్ని లేపడానికి వచ్చిన పాత సైనికుడు. ఇద్దరూ ఏడుస్తారు, ఇద్దరూ తిట్టుకుంటారు. తాను ఈ తరహాలో రాసిన వాటన్నిటిలో ఆ దృశ్యమే తనకి నచ్చిందని డ్రైడెన్ అన్నాడు. మూడో అంకంలో ఆంటొనీ భార్య ఆక్టేవియాని పిల్లలతో సహా అలెగ్జాండ్రియాకి తెప్పించాడు. దాని వల్ల ప్రేక్షకుల జాలి రెండుగా చీలిపోయిందని ముందుమాటలో తనే రాసుకున్నాడు. పరీక్షలో ఆ ముందుమాట నుంచి రాస్తే నీకు మంచిది.

అందులోనే ఇంకో రత్నం ఉంది. డ్రైడెన్ రసీన్ ఫేద్రని అప్పటికే చదివేశాడు! 1678 మొదట్లో అచ్చయిన ఆ ముందుమాటలో ఫ్రెంచివాళ్ళ మర్యాదని దుమ్మెత్తిపోశాడు. వాళ్ళ హిప్పోలిట్ ఎంత మర్యాదస్తుడంటే, సవతి తల్లి తప్పు తండ్రికి చెప్పడం కంటే చావడమే మేలనుకుంటాడు, ఇలాంటి ఔదార్యం మూర్ఖులకీ పిచ్చివాళ్ళకే చెల్లుతుంది అన్నాడు. అడవిలో వేటాడుతూ తిరిగే యూరిపిడీస్ కుర్రాణ్ణి పారిస్‌కి తీసుకెళ్ళి ప్రేమించడం నేర్పి 'మస్యూ ఇపోలిత్'ని చేశారని వెక్కిరించాడు.

నల్లకుంట_శ్రీను:

ఈ ఒక్క విషయంలో డ్రైడెన్‌దే న్యాయం. తండ్రి చావమని శపిస్తున్నాడు, ఒక్క మాట చెబితే బయటపడతాడు. ఎందుకు చెప్పడు?

గోదావరి_గట్టు:

శ్రీను గారూ, మన సారంగధరుడు ఎందుకు చెప్పలేదో, హిప్పోలిట్ కూడా అందుకే చెప్పలేదు. అది తండ్రి పరువు. ఐదో అంకం మొదట్లో అరిసీ ఇదే అడుగుతుంది. నా తండ్రి పడకకి పట్టిన మచ్చని నేనే వెలుగులోకి తెచ్చి ఆయన తల దించనా అంటాడు. యూరిపిడీస్ దగ్గర ఐతే దాదికి ఒట్టు వేశాడు, ఆ ఒట్టు అడ్డం వచ్చింది. రసీన్ ఒట్టు తీసేసి, ఆ బరువుని కొడుకు మనసు మీద పెట్టాడు. డ్రైడెన్‌కి అది మర్యాదలా కనిపించింది. కుటుంబ గౌరవం కోసం నోరు నొక్కుకున్నవాళ్ళని చూసిన మనకి అలా కనిపించదు.

ఎం.ఏ_విద్యార్థి:

థాంక్స్ అండీ, ఈ పాయింట్ నోట్సులో లేదు.

ఇంగ్లండ్, ఫ్రాన్సే కాకుండా మిగతా చోట్ల ఏం జరిగిందో కూడా ఎవరైనా చెబుతారా?

మీనాక్షి_గ్రంథాలయం:

కాస్త చెబుతాను. మాడ్రిడ్‌లో కాల్డెరోన్ ఇంకా బతికే ఉన్నాడు, 77 ఏళ్ళు. ఏటా పండక్కి భక్తి నాటకాలు రాస్తూనే ఉన్నాడు. 1677లో వాటి మొదటి సంపుటం తనే వేయించాడు. అదే ఏడాది అతని నాటకాల 'ఐదో సంపుటం' అంటూ ఒకటి అతని అనుమతి లేకుండా బజారులోకి వచ్చింది. అందులో పది నాటకాలుంటే నాలుగు తనవి కావని, మిగతా ఆరు కూడా తప్పుల తడకగా వేయడం వల్ల తనవి అనిపించుకోవని పెద్దాయన రాశాడు. కథలు అందరివీ అని పైన అనుకున్నాం కదా, రాసిన పాఠం మాత్రం రాసినవాడిదే అని ఆ వయసులో పోట్లాడిన మనిషి.

హేగ్‌లో ఫిబ్రవరి 21న తత్వవేత్త స్పినోజా చనిపోయాడు, 44 ఏళ్ళకే. రాతప్రతులున్న బల్లని ఇంటి యజమాని ఆమ్‌స్టర్‌డామ్‌కి పంపించేశాడు. ఏడాది చివరికల్లా స్నేహితులు వాటిని అచ్చు వేశారు. రచయిత పేరు చోట పొడి అక్షరాలే, ప్రచురణకర్త పేరు లేదు, ఊరి పేరు లేదు. మరుసటి ఏడే నిషేధించారు. నాటకం కాదు గానీ 1677 అంటే ఇది వదిలేయడం నా వల్ల కాదు.

పారిస్‌లోనే ఇంకొకటి మీరు వదిలేశారు. ఫిబ్రవరిలో గెనెగో వాళ్ళు మోలియేర్ 'దోన్ జువాన్'ని తోమా కొర్నేయ్ చేత పద్యాల్లోకి మార్పించి ఆడారు. మోలియేర్ పోయి అప్పటికి నాలుగేళ్ళు. అతను వచనంలో రాసిన నాటకాన్ని మెత్తబరిచి, బిచ్చగాడి దృశ్యం తీసేశారు. ఆ మెత్తటి రూపమే 19వ శతాబ్దం దాకా ఆడింది. అసలుది మళ్ళీ రంగస్థలం ఎక్కింది 1841లో. శ్రీను గారికి ఇది నచ్చుతుంది: ఇక్కడ మెత్తబరిచినవాడే గెలిచాడు, అదీ నూటయాభై ఏళ్ళకి పైగా.

పాతపుస్తకం:

మీనాక్షి గారూ, నా వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణ మీరే తెచ్చారు, చాలా బాగుంది. మోలియేర్ ప్రాణాలతో లేడు, తన నాటకం పక్కన నిలబడటానికి. అసలు నాటకం అతని చేతుల మీద పూర్తిగా అచ్చు కూడా కాలేదు. రసీన్ ఐతే మార్చికల్లా తన ఫేద్రని పుస్తకంగా జనం చేతుల్లో పెట్టాడు. చదివి పోల్చుకునే వీలుంటే ప్రదోన్ లాంటివాళ్ళు ఎక్కువకాలం నిలవరు. వీలు లేకపోతే నిలుస్తారు.

ఎం.ఏ_విద్యార్థి:

ఇంకో ప్రశ్న. రసీన్ ఫేద్ర తరవాత పన్నెండేళ్ళు నాటకం రాయలేదట కదా. ప్రదోన్ గొడవతో మనసు విరిగా?

పాతపుస్తకం:

అలా చెప్పుకోవడం బాగుంటుంది కానీ, ఆ ఏడాది మిగతా నెలలు చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. జూన్ 1న కాత్రీన్ ద రోమనేతో పెళ్ళి. ఆమెకి నాటకాల్లో ఆసక్తే లేదు, భర్త నాటకాల పేర్లు కూడా మాటల్లో వింటే తెలియడమే అని కొడుకు రాశాడు. శరత్కాలంలో రసీన్‌నీ బ్వాలోనీ 14వ లూయీ తన చరిత్రకారులుగా వేసుకున్నాడు, మనిషికి 6,000 లీవ్రల భృతి. మరుసటి ఏడు గెంట్ ముట్టడికి రాజు వెంట ఇద్దరూ గుర్రాలెక్కి వెళ్ళారు. అనాథగా పెరిగి, నాటకాలు రాసుకుంటూ వచ్చిన మనిషికి అంతకంటే పెద్ద పీట ఆ రాజ్యంలో లేదు. ఆ ఉద్యోగం చేస్తూ నటుల వెంట తిరగడం కుదరదు.

ఇంకో కారణం పోర్ రొయాల్ మఠం. అక్కడి సన్యాసులు పెంచిన పిల్లవాడు, నాటకాల కోసం వాళ్ళతో తెగతెంపులు చేసుకున్నాడు. ఫేద్ర ముందుమాటలోనే, భక్తిపరులైన పెద్దలు కొందరికి నాటకం మీద కోపం పోవాలని ఆశ కనబరిచాడు. తిరిగి కలం పట్టింది 1689లో, సెన్ సీర్ బడి ఆడపిల్లలు ఆడటానికి, బైబిల్ కథ 'ఎస్తేర్'తో.

బ్వాలో మాత్రం ఆ గొడవ మధ్యలోనే రసీన్‌కి ఒక పద్యలేఖ రాశాడు. శత్రువులు ఉండటం వల్ల రచయితకి మేలే అని అందులో ధైర్యం చెప్పాడు. దిగాలుపడ్డ స్నేహితుడికి అంత వెంటనే, అంత బహిరంగంగా అండగా నిలబడ్డ కవిని నేను ఇంకొకర్ని చూడలేదు.

గోదావరి_గట్టు:

పోయే ముందు మన వైపు నుంచి ఒక ముక్క. డ్రైడెన్ 'ఔరంగ్‌జేబ్' ప్రస్తావన వచ్చింది కదా. ఆ నాటకం ఆడేనాటికి ఔరంగ్‌జేబు ఢిల్లీ గద్దె మీదే ఉన్నాడు, ఇంకో ముప్ఫై ఏళ్ళకి పైగా బతికాడు. డ్రైడెన్‌కి ఆ కథ అందింది ఫ్రాన్స్వా బెర్నియే పుస్తకం నుంచి. ఈ బెర్నియే మొగలాయి దర్బారులో ఉన్న వైద్యుడు, 1667లో మన గోల్కొండకి కూడా వచ్చాడు. తిరిగి పారిస్ వెళ్ళాక ఎవరితో స్నేహం చేశాడనుకున్నారు? బ్వాలోతో, రసీన్‌తో. 1671లో అరిస్టాటిల్‌ని తప్ప ఇంకెవరినీ బోధించకూడదన్న పారిస్ విశ్వవిద్యాలయం వాళ్ళని ఆటపట్టిస్తూ వెలువడ్డ ఉత్తుత్తి కోర్టు తీర్పులో ముగ్గురి చేతులూ ఉన్నాయి.

గోల్కొండ వీధులు చూసిన మనిషి రసీన్‌తో కూర్చుని కబుర్లు చెప్పాడంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఆయన గోల్కొండ గురించి రాసిన భాగాలు ఎవరి దగ్గరైనా ఉంటే వేరే దారం తెరుద్దాం.

మీనాక్షి_గ్రంథాలయం:

బెర్నియే ఇంగ్లిష్ అనువాదం మా దగ్గర ఉందండీ. గోల్కొండ ప్రస్తావన ఉన్న పేజీలు వెతికి ఆదివారం లోపు కొత్త దారంలో పెడతాను.

తెరముందు:

నేను మొదటి అంకం మూడో దృశ్యం తెలుగులో చదివి రికార్డు చేసి పెడతాను. దాది పాత్ర చదవడానికి ఒకరు కావాలి. లలిత గారూ, మీరు చదువుతారా?

లలిత_లీడ్స్:

తప్పకుండా. శనివారం మీకు రాత్రి, నాకు మధ్యాహ్నం. లింక్ పంపండి.